ప్రోటీన్‌కు రెండు కాటాలు

మిర్యాలగూడలో ధాన్యం లారీ మిల్లుకు చేరగానే వేబ్రిడ్జి ఎక్కుతుంది. నిండుగా ఒకసారి, దించాక ఖాళీగా మరోసారి. రెంటికీ ఉన్న తేడాయే సరుకు. ఆపైన తేమ ఎంత, తాలు ఎంత, తరుగు ఎంత అన్న పేచీ ఎలాగూ ఉంటుంది. ప్రోటీన్ అణువును తూచే పద్ధతులు రెండు ఉంటే, అందులో ఒకటి అచ్చం ఈ వేబ్రిడ్జి లెక్కే. ఇంకొకటి నిజానికి తూకమే కాదు. చిత్రమేమిటంటే నలభై ఏళ్లుగా ప్రయోగశాలల్లో రాజ్యం ఆ రెండోదానిదే.

దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. ప్రోటీన్‌కు విద్యుదావేశం ఎక్కించి శూన్యంలోకి వదులుతారు. విద్యుత్ క్షేత్రంలో అది ఎలా కదిలిందో చూస్తారు. తేలేది ద్రవ్యరాశి కాదు, ద్రవ్యరాశిని ఆవేశంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. పెద్ద అణువును చెదరకుండా గాలిలోకి లేపడం ఎలాగన్నది చాలాకాలం తెగని చిక్కు. జాన్ ఫెన్ ఎలక్ట్రోస్ప్రేతో, కోయిచీ తనాకా లేజర్‌తో దాన్ని విప్పారు. 2002 రసాయన నోబెల్‌లో సగం వాళ్లిద్దరికీ దక్కింది. హైదరాబాద్ ఐఐసీటీలో ఈ విద్యకు ఒక జాతీయ కేంద్రమే ఉంది. ప్రోటీన్‌కు ఒక్క ఫాస్ఫేట్ తగులుకుంటే పెరిగే బరువు 80 డాల్టన్లు. అణువు మొత్తం బరువు వేలల్లో ఉన్నా ఆ 80ని ఈ యంత్రం పట్టేస్తుంది. ఈ నైపుణ్యాన్ని మరిచి కొత్త పద్ధతిని పొగిడే వ్యాసాలంటే నాకు పడదు.

కొత్త పద్ధతిలో రెండు కొసలూ బిగించిన సిలికాన్ దూలం ఉంటుంది. పొడవు కొన్ని మైక్రాన్లు, మందం అందులో ఎన్నో వంతు. సెకనుకు కోట్లసార్లు కంపిస్తూ ఉంటుంది. దాని మీద అణువు వాలగానే పౌనఃపున్యం ఒక్కసారిగా తగ్గుతుంది. ఎంత తగ్గిందన్నదే తూకం. దూలం ఎంత తేలికైతే అదే అణువుకు తగ్గుదల అంత స్పష్టం; అందుకే ఈ సూక్ష్మీకరణ. ఇక్కడ ఆవేశం ఎంత అన్న ప్రశ్నే రాదు.

2009లో కాల్టెక్‌లో మైఖేల్ రౌక్స్ బృందం నేచర్ నానోటెక్నాలజీలో ఈ సంగతి బయటపెట్టింది. ఆ పత్రానికి మొదటి రచయిత అక్షయ్ నాయక్, ఇప్పుడు బెంగళూరు ఐఐఎస్సీలో ఆచార్యుడు. అయితే అందులో పెద్ద లొసుగు ఉంది. దూలం నడుమ ఎక్కువ ఊగుతుంది, కొసల్లో దాదాపు కదలదు. కొస దగ్గర వాలిన బరువైన అణువూ, నడుమ వాలిన తేలికైన అణువూ ఒకే తగ్గుదలను చూపగలవు. వందలాది అణువుల తగ్గుదలలను పోగేసి, గణాంకాలతో సగటు తీసి దీన్ని దాటారు. అలా చేస్తే ఒక్కొక్క అణువునూ తూచామని చెప్పుకునే హక్కు సగం పోయినట్టే.

అసలు మెట్టు ఎక్కింది 2012లో. అదే బృందం దూలాన్ని ఒకేసారి రెండు రీతుల్లో కంపింపజేసింది. మొదటి రీతిలో నడిమి భాగం బాగా ఊగుతుంది. రెండో రీతిలో సరిగ్గా నడుమే కదలకుండా ఉంటుంది. అణువు వాలితే రెండు తగ్గుదలలు దొరుకుతాయి: రెండు సమీకరణాలు, రెండే అజ్ఞాతాలు. బరువూ తెలుస్తుంది, వాలిన చోటూ తెలుస్తుంది. ఐజీఎమ్ అనే పెద్ద యాంటీబాడీని ఇలా అణువు వెంట అణువుగా తూచారు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంత పొందికైన ఆలోచన మరొకటి లేదు. కానీ ఆ యాంటీబాడీలను దూలం దాకా చేర్చింది ఏమిటో చూడండి, ఫెన్ గారి ఎలక్ట్రోస్ప్రేయే! ఆవేశంతో పనిలేదన్న కాటాకు సరుకు మోసింది ఆవేశమే.

ఖచ్చితత్వంలో పోలికే లేదు. పాత యంత్రం 80 డాల్టన్లు చూస్తుంటే, ఆనాటి దూలానికి వేల డాల్టన్ల తేడా కూడా మసకే. పైగా అణువుతోపాటు అంటుకొచ్చిన ఉప్పూ నీరూ కూడా తూకంలో కలుస్తాయి. ఈ తరుగు పేచీ రెండు యంత్రాలకూ ఉన్నదే.

మరి దూలం ఎందుకు? మన దగ్గరి ఉదాహరణ చూద్దాం. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్-బి టీకాను తెచ్చింది. అందులోని హెపటైటిస్-బి ఉపరితల ప్రోటీన్ ఒక్కొక్కటి 24 వేల డాల్టన్లు; మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అదొక లెక్కా? కానీ టీకాలో అవి విడిగా ఉండవు. కొవ్వుతో కలిసి దాదాపు 22 నానోమీటర్ల గోళికలుగా కూడుకుంటాయి. ఒక్కో గోళిక బరువు లక్షల డాల్టన్లలో ఉంటుంది, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. అలాంటి గుంపుకు ఆవేశం ఎక్కిస్తే ఒక్కోటి ఒక్కో మోతాదులో ఎక్కించుకుంటుంది. యంత్రం గీసే గ్రాఫులో శిఖరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతాయి. సగటు చెబితే చాలదు, ఒక్కొక్కదాని బరువు కావాలి. దూలం సొంత గడ్డ అదే.

ఆ గడ్డ మీదా పోటీ వచ్చేసింది. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో మార్టిన్ జారోల్డ్ బృందం ఒక్కో అయాన్ ఆవేశాన్ని కూడా కొలిచే యంత్రంతో హెపటైటిస్-బి కాప్సిడ్‌లనే తూచింది. అవి వైరస్ లోపలి గూళ్లు, టీకాలోని గోళికలు కావు. అయినా బరువులో అదే కోవ. కాబట్టి పదుల లక్షల డాల్టన్ల దగ్గర నా పందెం జారోల్డ్ మీదే. అంతకు పైన మాత్రం దూలానిదే పైచేయి కావచ్చు. 2018లో గ్రెనోబుల్ బృందం ఆవేశమే ఎక్కించకుండా టీ5 అనే బాక్టీరియా వైరస్ కాప్సిడ్‌లను తూచింది. బరువు 10 కోట్ల డాల్టన్లకు పైమాట. ఎలక్ట్రోస్ప్రే మీద ఆధారపడుతున్నారన్న నిందకు అది సరైన జవాబు.

మిగిలిన నింద వేగానిది. దూలం మరీ చిన్నది, వదిలిన సరుకులో అత్యధికం పక్కనుంచే పోతుంది. 20 దూలాలను వరుసగా పేర్చి చూశారు. ఆ లెక్క వేలల్లోకి పోనంతకాలం ఇది టీకా ఫ్యాక్టరీ నాణ్యత పరీక్షకు అందే పని కాదు, పరిశోధనశాలలోనే ఉంటుంది.