బౌంటిఫుల్‌కి బస్సు లేదు

హ్యూస్టన్ బస్ స్టేషన్‌లో టికెట్ కిటికీ ముందు నిలబడి ఒక ముసలావిడ బౌంటిఫుల్‌కి టికెట్ ఇమ్మంటుంది. కిటికీ వెనకున్నవాడు ఆ ఊరి పేరే వినలేదు. అది ఏ ఊరికి, ఏ ఊరికి మధ్యనుందో ఆవిడే చెప్పుకోవాల్సి వస్తుంది. ఆఖరికి హారిసన్ దాకా టికెట్ కొనుక్కుంటుంది. మిగతా దూరం సంగతి దిగాక చూసుకోవచ్చు.

హోర్టన్ ఫుట్ రాసిన 'ది ట్రిప్ టు బౌంటిఫుల్' నాటకంలో సాహసమంటూ ఉంటే ఇదే. హత్యల్లేవు, లేచిపోవడాల్లేవు, ఆస్తి తగాదాల్లేవు. క్యారీ వాట్స్ అనే విధవరాలు హ్యూస్టన్‌లో కొడుకు లూడీ, కోడలు జెస్సీ మే దగ్గర ఒక ఇరుకు అపార్ట్‌మెంట్‌లో ఉంటుంది. పడక ముందుగదిలోనే. చచ్చేలోగా పుట్టిన ఊరు ఒక్కసారి చూసి రావాలని ఆవిడ కోరిక. పింఛను చెక్కు దాచుకుని, ఇంట్లోవాళ్ల కన్నుగప్పి బయల్దేరుతుంది. కథ మొత్తం ఇంతే.

ఇది 1953 నాటకం. అమెరికన్ చిన్న ఊళ్ల జీవితం మీద మెత్తని నాటకాలు విరివిగా వచ్చిన కాలం. ఇలాంటివాటిని మళ్లీ వేస్తున్నారంటే పాత ఫొటో ఆల్బమ్ తిరగేస్తున్నారనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నాకా మాట ఒప్పదు. ఈ నాటకాల్లో మెత్తగా ఉండేది గొంతు మాత్రమే. లోపలి సరుకు చాలా కఠినమైనది. ఆ రెండింటినీ విడదీసి చూడగలిగిన దర్శకుడి చేతిలోనే అవి తిరిగి లేచి నిలబడతాయి.

ఫుట్ 1916లో టెక్సాస్‌లోని వార్టన్‌లో పుట్టాడు. ఆయన నాటకాల్లో తరచూ కనిపించే హారిసన్ ఈ వార్టనే, పేరు మార్చుకుని వచ్చింది. చిన్నప్పటినుంచీ పెద్దవాళ్ల పక్కన కూర్చుని ఎవరి అప్పులు ఎలా తీరాయో, ఎవరి సంబంధం ఎందుకు చెడిందో వింటూ పెరిగాడు. ముందు నటుడవుదామనుకుని పాసడేనా వెళ్లి నేర్చుకున్నాడు, న్యూయార్క్‌లో వేషాలేశాడు. రాయడం ఆ తర్వాత. ఆయన రాసిన మాటలు కాగితం మీద చదివితే చప్పగా ఉండి, నోట్లోకి రాగానే ప్రాణం పోసుకోవడానికి ఈ నటన చదువే కారణమని నా నమ్మకం.

బౌంటిఫుల్ కథ మొదట రంగస్థలానికి రాసింది కాదు. 1953 మార్చి 1న ఎన్‌బీసీ టెలివిజన్‌లో నిర్మాత ఫ్రెడ్ కో ఆధ్వర్యంలో ప్రత్యక్ష ప్రసారంగా వచ్చింది. క్యారీగా మూకీ చిత్రాల మహానటి లిలియన్ గిష్. అప్పటి టీవీ నాటకానికి చిన్న స్టూడియో, నాలుగైదు సెట్లు, కొద్దిమంది పాత్రలు, ముఖానికి దగ్గరగా కెమెరా. తప్పు దొర్లితే మళ్లీ తీసుకునే వీలు లేదు. గుర్రాలూ యుద్ధాలూ పట్టని ఆ గదిలో పట్టేది మనిషి మొహం ఒక్కటే. ఆ ఇరుకులో పుట్టిన క్రమశిక్షణ ఈ రచనను జీవితాంతం వదల్లేదు. ఆ నవంబరులోనే దాన్ని పూర్తి నాటకంగా పెంచి బ్రాడ్‌వేకి తెచ్చారు. గిష్ అక్కడా క్యారీయే. జెస్సీ మేగా వేసిన జో వాన్ ఫ్లీట్‌కి టోనీ బహుమతి వచ్చింది. నాటకం మాత్రం 39 ప్రదర్శనలతో మూతపడింది.

అదే ఏడాది బ్రాడ్‌వేలో మరో చిన్న ఊరి నాటకం జోరుగా ఆడుతోంది. కాన్సస్‌ వాడైన విలియం ఇంజ్ రాసిన 'పిక్నిక్'. 477 ప్రదర్శనలు, పులిట్జర్ బహుమతి. ఇంజ్ మొదట అనుకున్న ముగింపులో అందగత్తె మాడ్జ్ ఊళ్లోనే ఉండిపోతుంది. దర్శకుడు జాషువా లోగన్ పట్టుబట్టి, ఆమె ప్రియుడి వెంట వెళ్లేలా మార్పించాడు. హాలు నిండింది. ఇంజ్ మనసు మాత్రం నిండలేదు. తర్వాత 'సమ్మర్ బ్రేవ్' పేరుతో తన పద్ధతిలో మళ్లీ రాసుకున్నాడు. ప్రేక్షకుడికి ఊరట దొరకాలన్న ఒత్తిడి ఈ తరహా నాటకాల మీద ఎంతుండేదో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు. ఫుట్ ఆ ఊరట ఇవ్వలేదు. క్యారీ హారిసన్‌లో దిగేసరికి బౌంటిఫుల్‌లో మిగిలిన ఆఖరి మనిషి, ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు క్యాలీ డేవిస్ కూడా చనిపోయింది. ఈ వార్త మాటల్లో మాటగా చెవిన పడుతుంది. పెద్ద సంగీతం లేదు, గుండె పట్టుకోవడం లేదు. చెప్పినవాడికి అది ఊరి కబురు, విన్నావిడకి లోకం ఖాళీ అయిన సంగతి.

ఫుట్ పనితనమంతా ఇక్కడే ఉంది. పెద్ద సంఘటనలన్నీ తెరవెనకే జరిగిపోతాయి. తెరముందుకు వచ్చేవి చిల్లర వస్తువులు. పింఛను చెక్కు ఎక్కడ దాచింది? భజన కీర్తనలు పాడొద్దంటే మళ్లీ ఎందుకు పాడుతోంది? చేతిసంచీ బస్సులో వదిలేసింది, ఇప్పుడెలా? మొదటి అంకమంతా అత్తాకోడళ్ల మధ్య ఇలాంటి గిల్లికజ్జాలే. చూస్తున్నంతసేపూ నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఒకచోట తెలిసొస్తుంది: ఆ చెక్కు ఆవిడ స్వాతంత్ర్యం, ఆ పాట ఆవిడ ఊరు. అది ప్రేక్షకుడికి తనంతట తనకే తట్టాలి. ఏ పాత్రా ముందుకొచ్చి చెప్పదు.

ఇంకొక పద్ధతి, గతాన్ని వెనకనుంచి విప్పుకుంటూ రావడం. మనసుకు నచ్చనివాణ్ణి చేసుకోవాల్సి వచ్చిన ఒక అమ్మాయి పెళ్లి కథగా ఫుట్ దీన్ని మొదలుపెట్టాడట. అది కదల్లేదు. అదే అమ్మాయి ముసలిదయ్యాక ఆఖరి ప్రయాణం నుంచి మొదలుపెడితే కదిలింది. ఆ పెళ్లి సంగతి నాటకంలో బస్సు ప్రయాణంలోనే వస్తుంది, పక్కసీటులోని థెల్మా అనే సైనికుడి భార్యతో మాటల మధ్య. తను ప్రేమించింది రే జాన్ మర్రీని. అతని తండ్రికీ తన తండ్రికీ పడదు. వేరే సంబంధం చేసుకోవాల్సి వచ్చింది. అతను రోజూ తన ఇంటి ముందునుంచే వెళ్లేవాడు. ఒక జీవితం మొత్తం నాలుగు ముక్కల్లో, అదీ ఒక అపరిచితురాలితో. సొంత కొడుకుతో చెప్పుకోలేనిది బస్సులో తోటి ప్రయాణికురాలితో చెప్పుకోవడం ఎంత నిజమో ఎర్రబస్సు ఎక్కినవాళ్లెవరికైనా తెలుసు.

జెస్సీ మే పాత్రను చూడగానే మనవాళ్లకి సూర్యకాంతం గుర్తొస్తుంది, ఈమె కోడలైనా సరే. సినిమా పత్రికలు, కోకాకోలా, బ్యూటీపార్లర్, అత్తగారి మీద విసుర్లు. కానీ ఫుట్ ఆమెను గయ్యాళిగా రాయలేదు. పదిహేనేళ్ల కాపురం, పిల్లల్లేరు, మొగుడు రెండేళ్లు జబ్బుపడి లేచి జీతం పెంచమని అడగడానికి జంకుతున్నాడు, ఇంట్లో తలుపేసుకుని తనదనుకునే గది సరిగ్గా లేదు. ఆమె కోపానికి అన్నీ కారణాలే. లూడీ అయితే ఊరి గురించి తనకేమీ గుర్తులేదని బుకాయిస్తూ వస్తాడు. గుర్తు తెచ్చుకుంటే తట్టుకోలేడు గనక. చివర్లో పాత ఇంటి ముందు నిలబడి, అన్నీ గుర్తున్నాయని ఒప్పుకునే చోట మాత్రమే అతను తల్లికి కొడుకవుతాడు. అందరి తరఫునా వకాల్తా పుచ్చుకునే ఈ న్యాయబుద్ధే ఈ రకం నాటకాలకు అసలు విలువ.

మరి 39 ప్రదర్శనలకే పడిపోయినది మళ్లీ మళ్లీ ఎలా లేచింది? ఇలాంటి జాతకం దీనిదొక్కదానిదే కాదు. పాల్ ఆస్బర్న్ రాసిన 'మార్నింగ్స్ అట్ సెవెన్' 1939లో 44 ప్రదర్శనలకే ఆగిపోయి, 1980లో తిరిగి వేస్తే 564 ప్రదర్శనలు ఆడింది. అది నలుగురు ముసలి అక్కచెల్లెళ్లు, రెండిళ్ల పెరళ్ల కథ. బౌంటిఫుల్‌ని 1985లో పీటర్ మాస్టర్‌సన్ సినిమా తీశాడు. ఎనిమిదోసారి నామినేషన్ పొందిన జెరాల్డిన్ పేజ్‌కి ఎట్టకేలకు ఆస్కార్ దక్కింది. 2005లో న్యూయార్క్‌ సిగ్నేచర్ థియేటర్‌లో లోయిస్ స్మిత్ వేసింది. అందులో జెస్సీ మే, రచయిత కూతురు హ్యాలీ ఫుట్. ఇక 2013లో మైకేల్ విల్సన్ దర్శకత్వంలో సిసిలీ టైసన్.

ఈ చివరిది ప్రత్యేకం. వాట్స్ కుటుంబం ఇప్పుడు నల్లజాతి కుటుంబం. పేజ్ సినిమా చూసినప్పటినుంచీ అలాంటి పాత్ర తనకూ కావాలని టైసన్ కోరుకుందట. ఇద్దరూ 1924లో నెలరోజుల తేడాతో పుట్టినవాళ్లే. ఒకరు అరవై ఏళ్లకు వేసిన పాత్రకు మరొకరు ఎనభై ఎనిమిదో ఏట టోనీ అందుకుంది. బ్రాడ్‌వేకి ముప్ఫై ఏళ్లు దూరంగా ఉండి వచ్చి మరీ. ఫుట్ మాటల్ని పెద్దగా ముట్టుకోలేదు. ముట్టుకోకపోయినా అర్థాలు మారాయి. 1950ల టెక్సాస్ బస్ స్టేషన్లలో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరువేరు చోట్లు. అక్కడ, ఇంట్లోవాళ్ల కన్నుగప్పి వచ్చి అర్ధరాత్రి ఒంటరిగా కూర్చున్న నల్ల ముసలావిడను పట్టుకోవడానికి తెల్ల షెరీఫ్ రావడమంటే, 1953లో గిష్ ముందుకు షెరీఫ్ రావడం లాంటిది కాదు. టైసన్ కీర్తన అందుకోగానే హాల్లో జనం గొంతు కలిపి పాడటం మొదలుపెట్టారు. అడక్కుండానే, రాత్రి తర్వాత రాత్రి. మెత్తని నాటకానికి ఉన్న బలం ఇది. రచయిత గట్టిగా చెప్పకుండా వదిలిన చోట కొత్త కాలం వచ్చి కూర్చోగలదు.

ఈ నాటకాన్ని తిరిగి వేసేవాళ్లు చెడగొట్టే తీరు దాదాపు ఒకటే. ముందునుంచే జాలి ఒలికిస్తారు. ముసలావిడను పుణ్యమూర్తిని చేస్తారు. నిజానికి క్యారీ మొండిది, అబద్ధాలాడుతుంది, మూతి ముడుస్తుంది. ఆ మొండితనం లేకపోతే ఆవిడ బస్సే ఎక్కదు.

నాటకం జరిగే హ్యూస్టన్ ఇప్పుడు మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్న నగరం. కొడుకింట్లో ఆరునెలలుండి, కారు నడపడం రాక, కిటికీలోంచి వీధి చూసే అమ్మానాన్నలు అక్కడ చాలామందే. దీన్ని తెలుగులో ఆడాలనుకుంటే ఊరి పేర్లు మార్చి మన పల్లెకు తేవాల్సిన పనిలేదు. హ్యూస్టన్‌లోనే ఉంచొచ్చు. కష్టం పాత్రధారిణితోనే. గిష్, పేజ్ అరవై దగ్గర్లో వేశారు, స్మిత్ డెబ్భై అయిదులో, టైసన్ ఎనభై ఎనిమిదిలో. జుట్టుకు తెల్లరంగు పూసుకున్న నలభై ఏళ్ల నటితో ఇది నడవదు. చివర్లో కోడలు ఇంటి నియమాలు ఒక్కొక్కటే చెబుతుంటే క్యారీ అన్నిటికీ సరేనంటుంది. ఆ 'సరే' ఓటమిలా వినబడితే నాటకం ఏడుపుగొట్టుదైపోతుంది. ఊరిని చూసేశాను, ఇక నీ నియమాలు నన్నేం చేస్తాయిలే అన్నట్టు వినబడాలి. ఆ గొంతు ఉన్న నటి దొరికాకే మిగతా పాత్రధారుల్ని వెతకడం మొదలుపెట్టాలి.