మెకాలే ఇంటిపేరు విప్పితే

మన దగ్గర చదువుల మీద వాదన మొదలైందంటే అయిదు నిమిషాల్లో మెకాలే పేరు రావాల్సిందే. నేనూ ఆయన్ని బోలెడుసార్లు తిట్టాను. ఎవరి ఇంటిపేరు విన్నా అది ఎక్కణ్ణుంచి వచ్చిందా అని తవ్వే పిచ్చి నాది. అలాంటిది ఈ పేరు మాత్రం ఎన్నడూ విప్పి చూడలేదు. ఇంగ్లిషు పేరేగా అని వదిలేశాను. తీరా చూస్తే అందులో ఇంగ్లిషు ముక్క ఒక్కటీ లేదు.

‘మాక్’ అంటే స్కాట్లండ్‌లోని గేలిక్ భాషలో కొడుకు. మిగిలిన ‘ఆలే’ ఎవరో కాదు, ఓలాఫ్. నార్వే రాజులు పెట్టుకున్న పేరు. అక్కణ్ణుంచే స్కాట్లండ్ పడమటి దీవులకు వైకింగులు ముందు దోపిడీకి వచ్చారు, తర్వాత కాపురాలే పెట్టారు. 1266లో పెర్త్ ఒప్పందంతో నార్వే ఆ దీవుల్ని స్కాట్లండుకు వదులుకుంది. ఏలుబడి పోయినా పేర్లు పోలేదు. గేలిక్ వాళ్ల నోళ్లలో నాని నాని ఓలాఫ్ చివరి ‘ఫ్’ అరిగిపోయింది, అంతే. అన్నట్టు గేలిక్‌లో ఆడపిల్ల ఇంటిపేరుకు ‘మాక్’ ఉండదు, ‘నిక్’ ఉంటుంది. ఊరి పేరునో మరోదాన్నో ఇంటిల్లిపాదికీ ఒకేలా తగిలించే మనకిది వింతే.

ఆ దీవుల్లో ఒకటైన లూయిస్‌లో మెకాలేల సీమ ఊయిగ్. ఆ సీమ పేరూ వైకింగుల భాష నార్స్ మాటే, సముద్రపు పాయ అని. 1831లో అక్కడే వాల్రస్ దంతంతో చెక్కిన చదరంగం బలగం బయటపడింది. 12వ శతాబ్దపు నార్వే పనితనం అంటారు. రాణి చెంపకు చెయ్యి ఆనించుకుని దిగులుగా కూర్చుంటుంది. ఏనుగు స్థానంలో ఉండే భటుల్లో కొందరు ఆవేశంతో డాలు అంచును పళ్లతో కొరుకుతుంటారు. వాళ్ల ఫొటో ముందు నేను గంటసేపు కూర్చున్నాను.

మెకాలేలందరూ ఓలాఫ్ సంతతి కారు. ఆర్డిన్‌కేపుల్ మెకాలేల వంశం వేరు. మన మెకాలే మాత్రం దీవులవాడే. ముత్తాత లూయిస్‌ను ఆనుకునే ఉన్న హారిస్‌లో చర్చి గురువు, పేరు ఆలే మెకాలే. అంటే ఓలాఫ్ కొడుకు ఓలాఫ్!

1835 ఫిబ్రవరి 2న మనకు ఇంగ్లిషు చదువే గతి అని రాసినాయన ఇంటిపేరు సగం గేలిక్, సగం నార్స్. తిట్టేవాళ్లు తిట్టండి, నేను అడ్డురాను. ఈసారి మాత్రం ఇంటిపేరు విప్పి తిట్టండి.