యుగంధరుని ప్రకాశము – అర్కర్టు జనాంతికము

రాజనీతిజ్ఞుని పాత్రకు ప్రాణము వాక్కు. ఆ వాక్కు నిజమును ఎట్లు దాచునో పరిశీలించినచో నాటకకర్త శక్తి తెలియును. ఈ దృష్టితో ఆంధ్ర నాటకమందలి యుగంధర మంత్రిని, ఆంగ్ల దూరదర్శన నాటకమందలి ఫ్రాన్సిస్ అర్కర్టును ప్రక్కప్రక్కన నిలిపి చూచుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

1989లో మైకేల్ డాబ్స్ రచించిన ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ నవలను ఆండ్రూ డేవిస్ నాటకముగా మలచగా, బీబీసీవారు 1990 నవంబరులో నాలుగు భాగములుగ ప్రసారము చేయనారంభించిరి. ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్ రాజీనామా ప్రకటించినదియు ఆ నెలలోనే. ఇయాన్ రిచర్డ్‌సన్ ధరించిన అర్కర్టు పాత్ర అధికారపక్షపు విప్పు. పత్రికా విలేకరి మ్యాటీ స్టోరిన్ ఏదేని రహస్యమును ఊహించి అడిగినపుడు, ఆమె అట్లు తలచుటకు అడ్డులేదనియు, తాను మాత్రము వ్యాఖ్యానింపజాలననియు అతడు మృదువుగా పలుకును. ఇందు అబద్ధము లేదు. ఔననలేదు, కాదనలేదు, విషమును గిన్నెలో పోసి, త్రాగు పనిని ఎదుటివారికే విడిచినాడు. మన కచేరీలలోను, శాసనసభల వసారాలలోను ఈ విద్య నెరిగినవారు లేకపోలేదు.

వేదము వేంకటరాయశాస్త్రిగారి ‘ప్రతాపరుద్రీయము’ 1897 నాటిది. కాకతీయ ప్రతాపరుద్రుని ఢిల్లీవారు వంచనచే చెరగొనిపోగా, మంత్రి యుగంధరుడు పిచ్చివాని వేషమున బయలుదేరును. సుల్తానును తానే పట్టుకొనిపోవుదునని బాహాటముగా అరచును. వినినవారు నవ్వుదురు. ప్రతిజ్ఞ యెంత బిగ్గరగా పలికిన అంత భద్రము! నాటకమును చూడనివారి నోళ్లలో సహితము ఈ మాట నానినది.

మన లాక్షణికులు నాటక సంభాషణమును ప్రకాశము, స్వగతము, జనాంతికము మున్నగు విధములుగా విభజించిరి. అర్కర్టు తరచు కథను ఆపి ప్రేక్షకునివైపు తిరిగి మాటాడును. షేక్స్పియరు మూడవ రిచర్డు చేసిన పనియే ఇది. జనాంతికము పాత్రల నడుమ జరుగవలసినది. ఇచట ప్రేక్షకుడే రెండవ పాత్ర యైనాడు. రహస్యమును విని ఊరకుండినవాడు ఆ పాపమున పాలివాడే గదా! యుగంధరుని మార్గము దీనికి తలక్రిందులు. అతడు తన స్వగతమును ప్రకాశముగా పలికినాడు. అందరు వినియు ఎవ్వరును గ్రహింపని స్వగతమది. ఉపాయమున నేను యుగంధరునికే పెద్దపీట వేయుదును.

ఈ పిచ్చివేషము, ఉదయనుని చెర విడిపించిన యౌగంధరాయణుని తలపించును. అట్లని భాసుని ప్రతిజ్ఞాయౌగంధరాయణమును చూచి వ్రాసిరనుట పొసగదు. గణపతిశాస్త్రిగారు దానిని తిరువనంతపురమున అచ్చువేసినది 1912లో. కథాసరిత్సాగరమున ఆ కథ యున్నది, అది చాలును. ఇక చరిత్ర వేరు. 1323లో ఓరుగల్లు పడెను. ఢిల్లీకి కొనిపోబడుచు ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెనని విలస తామ్రశాసనము చెప్పుచున్నది. తిరిగిరాని రాజును శాస్త్రిగారు రంగస్థలముపై తిరిగి తెచ్చిరి. యుగంధరుని మాట నెరవేరవలెనని ప్రేక్షకుడు అంతగా కోరుటకు మూలము ఆ ఓటమియే.

అర్కర్టు క్రూరుడు, యుగంధరుడు ధర్మాత్ముడు అని సులభముగా తీర్పు చెప్పుట మాత్రము నాకు సమ్మతము కాదు. రాజుపోలిక గల చాకలి పేరిగాడు మంత్రితంత్రమున ఒక పావు. గ్రాంథికమును గట్టిగా సమర్థించిన శాస్త్రిగారే పాత్రోచితభాష పేర వాని పలుకుబడిని వానికే యిచ్చిరి. మనమో, రాజువేషమున నిలిపిన ఆ నిరుపేదను చూచి నవ్వి, మంత్రికి చప్పట్లు కొట్టుచున్నాము. అర్కర్టును నమ్మిన మ్యాటీని అతడే మేడపైనుండి పడద్రోయును. అచట ప్రేక్షకునకు నవ్వు రాదు. ఆంగ్ల నాటకకర్త ఆ మాటకు వెల యెంతయో చూపినాడు. మన నాటకమున ఆ వెల హాస్యరసమున కలిసిపోయినది.

బెంగళూరున ఈ నాటకమును ఆడదలచు మన ఔత్సాహికులు యుగంధరునికంటె ముందు పేరిగానికి తగిన నటుని వెదకుట మంచిది. సింహాసనమున కూర్చున్నపుడు వాడు ఒక్క క్షణము నవ్వింపక నిలువగలిగినచో, మంత్రి అరపు సభకు మరియొక విధముగా వినిపించును.