ముద్ర లేని చెక్క

డచ్చివాళ్ల కాలపు పెట్టె గానీ బీరువా గానీ ఎక్కడ కంటబడినా నా చూపు ముందు తాళంచెవి దూరే చోటికే పోతుంది. నల్లటి ఎబొనీ చేవ మీదో, తాబేటి చిప్ప మీదో అక్కడొక వెండి రేకు ఉంటుంది. అంచులు పూరేకుల్లా కోసి, మధ్యలో జాలీ తీసి, సన్నని ఉలితో తీగలు చెక్కి, వెండి తలల చీలలతో బిగించిన రేకు. మూలలకు వెండి కట్లు, పక్కలకు వెండి పిడులు, వెనక వెండి బందులు. ఈ పని బటావియాలో, అంటే నేటి జకార్తాలో జరిగింది. సిలోన్‌లో, ఆఫ్రికా కొసనున్న కేప్‌లో, మన కోరమాండల్ తీరంలో కూడా జరిగింది. ఇన్ని చోట్లనూ ముడివేసింది 1602లో పుట్టి 1799లో అంతరించిన డచ్చి ఈస్టిండియా కంపెనీ.

వెండే ఎందుకంటే, సముద్రపు గాలికి ఇనుము నిలవదు. పైగా టానిన్ ఉన్న కలపలో ఇనపమేకు దిగితే దాని చుట్టూ చెక్క నల్లబడిపోతుంది. ఇత్తడికి చిలుము పడుతుంది, అయినా మామూలు సామానుకు అదే వాడేవారు. వెండి పైపైన నల్లబడినా చెక్కను పాడుచేయదు. అసలు కష్టం బిగింపులో ఉంది. చెక్క వానలకు ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుంటుంది. రేకు మాత్రం చెక్కతో కదలదు. చీల మరీ బిగిస్తే చెక్క చీలుతుంది, వదిలేస్తే రేకు లేస్తుంది. రెండు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా రేకు చెక్కను అంటిపెట్టుకుని ఉందంటే ఆ చేతికి దండం పెట్టాలి.

మన్నిక ఒక్కటే కాదు, హోదా కూడా ఉంది. బటావియాలో డచ్చి అధికారుల ఇల్లాళ్లు తాంబూలం వేసేవారు. వాళ్లు బయటికి వెళ్తే వెండి కట్ల తాంబూలపు పెట్టె పట్టుకుని బానిస వెంట నడవాలి. ఆ పోటీ ఎంత ముదిరిందంటే 1754లో గవర్నర్ జనరల్ యాకబ్ మోసెల్ ఆడంబరాలను కట్టడి చేస్తూ చట్టం తెచ్చాడు. రత్నాలు పొదిగిన బంగారు, వెండి తాంబూలపు పెట్టెలు అత్యున్నత అధికారుల భార్యలకూ, వితంతువులకూ మాత్రమే అన్నాడు. ఈ మోసెల్ అంతకుముందు మన కోరమాండల్ తీరంలోనే డచ్చి గవర్నరు.

నన్ను వదలకుండా పట్టుకున్న సంగతి వేరే ఉంది. వెండి అంటే డబ్బు, కాబట్టి దాని మీద పనివాడి ముద్ర పడేది. బటావియా రేకుల మీదా, కేప్ బీరువాల రేకుల మీదా అలాంటి ముద్రలు చూసి కంసాలి ఎవరో కొన్నిసార్లు చెప్పగలుగుతున్నారు. కింద ఉన్న చెక్కను చిత్రిక పట్టి, కూసాలు కలిపి, పెట్టెగా నిలబెట్టిన మనిషి పేరు మాత్రం దాదాపు ఎక్కడా లేదు. వాళ్లలో ఎందరో బానిసలు. కరవుకాలాల్లో కోరమాండల్ రేవుల్లో మనుషులను కొని కంపెనీ ఓడల్లో బటావియాకు తరలించారు. కేప్ దస్తావేజుల్లో కొందరి పేరు పక్కన ‘తీరంవాడు’ అన్న గుర్తు తప్ప ఊరు కూడా ఉండదు.

పేరు పోతే ఊరూ పోతుంది. ఇంగ్లండులో రచయిత హొరేస్ వాల్పోల్ తన స్ట్రాబెరీ హిల్ భవనానికి చెక్కడపు ఎబొనీ కుర్చీలు కొని, అవి ట్యూడర్ రాజుల కాలపు ఇంగ్లీషు పని అనుకున్నాడు. నిజానికి అవి పదిహేడో శతాబ్దంలో కోరమాండల్ తీరంలో చేసినవి.

ఈ సామాను దగ్గరున్నవారికి నాదొక మనవి. పూజగదిలో కుందులను తోమినట్టు ఆ వెండిని తోమకండి. ప్రతి తోముడుకూ ఉలి గీత కొంచెం అరుగుతుంది, ముద్ర కూడా అరిగిపోతుంది. పాలిష్ పొడి జాలీ సందుల్లో చిక్కుకుని చుట్టూ చెక్క మీద తెల్లగా పేరుకుంటుంది. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఎప్పుడో రేకు ఊడదీసి కరిగించుకున్నా దాని అచ్చు చెక్క మీద మిగులుతుంది. వెలుతురు తగలని చోట రంగు వేరుగా, చుట్టూ పాత చీలల బెజ్జాలు. ఇత్తడి రేకు కొత్తగా వేసి ఆ బెజ్జాలు పూడ్చకండి. ఆ పనివాడి లెక్క తెలిసేది వాటివల్లే.

మన విశాఖ పెట్టెలనే చూడండి. జిట్రేగి చెక్కలో దంతం పొదిగి, దంతం మీద గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపి, అద్దకం బట్టల్లోని పూలతీగలను అంచులుగా తెచ్చారు. వాటిలో కొన్నిటికి వెండి కట్లున్నాయి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ విశాఖ పని ఉంది. ఇలాంటి వాటి చీటీ మీద మామూలుగా కనబడేది ‘వైజాగపటం’ అన్న ఊరిపేరే. పొదిగినవాళ్లు అక్కడి కంసాలులని పండితులు చెబుతూనే ఉన్నారు. ఊరిపేరు పక్కన ఆ ఒక్క మాట కూడా రాయించాలి. మన మ్యూజియాల్లోనైనా ఆ పని ముందు మొదలుపెట్టాలి.