కల్దీయుల ఊరు, మన ఊరు: ఒక ప్రసంగ వాదముపై విమర్శ

ఇచ్ఛాపురం మండలములోని డొంకూరు తీరమున జరిగిన ఒక ఉజ్జీవ కూడికలో ప్రసంగీకులు ఒకరు ఆదికాండము 11:31 తీసికొని ఇలా బోధించారు: అబ్రాహాము విడిచి వచ్చినది ‘ఊరు’, మనదీ ‘ఊరు’, డొంకూరు పేరు చివర వినిపించేదీ అదే, కాబట్టి విశ్వాసులకు తండ్రి మన భాషవాడే. సభ స్తోత్రములు చెల్లించింది. ఇదే వాదమును మేము ఇతర వేదికలపై కూడ విన్నాము. ప్రసంగీకుని భక్తిని మేము శంకించము. అయితే వాదము నిలువదు. దానిపై కట్టిన సంతోషము కూడ నిలువదు. అందుచేతనే ఈ పరిశీలన.

మొదట హెబ్రీ మూలము చూద్దాము. అక్కడ ఉన్నది ‘ఊర్ కస్దీమ్’ అని మాత్రమే. ‘పట్టణము’ అనే మాట తెలుగు అనువాదములో చేర్చబడినది. ఆ చేర్పు వలననే ఇది ఒక స్థలము పేరని పాఠకునికి తెలుస్తుంది. పట్టణమునకు హెబ్రీ మాట ‘ఈర్’. అది అయిన్ అక్షరముతో మొదలవుతుంది, ‘ఊర్’ ఆలెఫ్‌తో మొదలవుతుంది; రెండూ వేరు. సామాన్య నామముగా ‘ఊర్’ అనగా అగ్ని, దాని వెలుగు (యెషయా 31:9, 50:11). 1 దినవృత్తాంతములు 11:35లో అదే ఒక మనుష్యుని పేరు. పూర్వపు అనువాదకులు కూడ దీనిని ఒకే విధముగా గ్రహించలేదు. సెప్టువజింతు ‘కల్దీయుల దేశము’ అన్నది. నెహెమ్యా 9:7లో లాటిను వుల్గాత ‘కల్దీయుల అగ్ని’ అన్నది.

1922 నుండి 1934 వరకు లెనర్డ్ వూలీ దక్షిణ ఇరాకులోని తెల్ ఎల్-ముకయ్యర్ దిబ్బను త్రవ్వించారు. ఆ నగరమును సుమేరీయులు ‘ఉరిమ్’ అన్నారు. అబ్రాహాము ఊరు ఉత్తరమున ఉండెనని వాదించే పండితులు కూడ ఉన్నారు. సుమేరు భాషలో నగరమునకు ‘ఉరు’ లేక ‘ఇరి’ అనే మాట ఉన్నమాట నిజమే. పోలిక చూపేవారు దీనినే చూపిస్తారు. అయితే ఈ సామాన్య నామము వేరు, ‘ఉరిమ్’ అనే పేరు వేరు.

మన ‘ఊరు’నకు తోబుట్టువులు తమిళ మలయాళములలోని ‘ఊర్’, కన్నడములోని ‘ఊరు’. డొంకూరు ప్రాంతములో మన ప్రక్కన కూర్చుండే ఒడియా విశ్వాసికి గ్రామము ‘గాఁ’. తెలుగులోనే చూడండి: మనము కాపురముండే ఊరు ఒకటి, బావిలో నీరు ఊరుట, ఆవకాయ ఊరుట మరొకటి. జర్మను భాషలో ‘ఉర్’ అనగా ఆది, మూలము. పాఠవిమర్శ తరగతిలో విద్యార్థులు ‘ఉర్‌టెక్స్ట్’ అని వినేది ఇదే. ధ్వని కలిసినంత మాత్రాన ఇవన్నీ చుట్టములు కావు. బంధుత్వము చెప్పాలంటే అనేక మాటలలో ఒకే నియమము ప్రకారము ధ్వనులు సరిపోలాలి. లేదా ఒక మాట ఎరువుగా వెళ్లిన త్రోవ కనబడాలి. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిన మిషనరీ రాబర్ట్ కాల్డ్వెల్ 1 రాజులు 10:22లోని నెమళ్ల పేరైన ‘తుక్కియ్యీమ్’ను తమిళ ‘తోకై’తో పోల్చారు. అక్కడ ఓడలున్నాయి, సరుకు ఉన్నది, రేవునకు రేవునకు నడిచిన వ్యాపారమున్నది. ‘ఊరు’ విషయములో అటువంటి త్రోవ ఏదీ చూపబడలేదు.

అసలు నష్టము భాషాశాస్త్రమునకు కాదు, వాక్యమునకు. లేఖనము ఆ ఊరికి ఘనత ఇవ్వలేదు. నది అద్దరిన పితరులు ఇతర దేవతలను కొలిచారని యెహోషువ 24:2 చెప్తుంది. దేవుడు అబ్రాహామును అక్కడనుండి బయటికి రప్పించాడు. మన ప్రసంగము ఆయనను తిరిగి ఊరిలోనికి తీసికొనిపోయి, ఆ ఊరిని మన అతిశయముగా చేసింది.

అంతేకాదు, మన దేశములో ‘ఊరు’ అందరి మాట కాదు. ఊరు వేరు, వాడ వేరు. వాడలో పుట్టిన విశ్వాసి నేటికీ ‘ఊళ్లోకి వెళ్లొస్తాను’ అంటాడు, తానున్నది ఊరు కానట్టు. ఈ తీరమునుండి, ఉద్దానమునుండి పొట్టకూటికై చెన్నైకి, గుజరాతు రేవులకు వెళ్లినవారికి ఊరు సెలవులలో చూచే చోటు. వీరికి కావలసినది ‘అబ్రాహాము మన ఊరివాడు’ అనే మాట కాదు. ఊరు లేనివానితో దేవుడు నడిచాడనే సువార్త, గవిని వెలుపట శ్రమపడిన క్రీస్తు (హెబ్రీ 13:12-13).

కాబట్టి మా మనవి: ఒక మాట చెవికి ఇంపుగా తగిలినప్పుడు, పులిపీఠము ఎక్కకముందు నిఘంటువు తెరవండి, ఆ తరువాత మీ సంఘములో ఆ మాట ఎవరిని లోపల ఉంచుతున్నదో, ఎవరిని వెలుపల నిలుపుతున్నదో అడిగి తెలిసికొనండి.