లాటరీలో తేలే ఫ్యాక్టరీ

ఫ్యాక్టరీ నుంచి వచ్చే వ్యర్థజలాల నమూనా తీయడం చూడ్డానికి చిన్న పనే. కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) ఇంజినీరు కాలువ దగ్గర వంగి సీసా నింపుతారు. నింపిన వెంటనే యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలి. వాళ్లు కోరితే ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇరువైపులా సంతకాలు పెట్టాలి. 1974 నీటి చట్టం 21వ సెక్షన్‌లో ఉన్న పద్ధతి ఇది. తర్వాత సీసా ఐసు పెట్టెలోకి వెళ్లాలి. దారిలో వేడెక్కితే అందులోని సూక్ష్మజీవులు పని మొదలుపెట్టి, సేంద్రియ కాలుష్యాన్ని కొలిచే బీఓడీ అంకెను మార్చేస్తాయి.

ఈ చేతిపని అలాగే ఉంది. చుట్టూ ఉన్న నిబంధనలు మారాయి.

పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే ఒకప్పుడు ఐదేళ్ల దాకా జైలు. జన విశ్వాస్ చట్టం తెచ్చిన సవరణతో 2024 ఏప్రిల్ నుంచి దాని స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల పెనాల్టీ వచ్చింది. ఏళ్ల తరబడి కోర్టుల్లో నానడం కంటే అది నయమే కావచ్చు. కానీ పెద్ద కంపెనీకి 15 లక్షలు ఓ లెక్కా? ఇక మిగిలిన భయం, పట్టుబడతామేమోనన్నదే. ఆ భయం పుట్టాలంటే తనిఖీ గట్టిగా ఉండాలి.

వ్యాపార సౌలభ్యం పేరిట వచ్చిన సంస్కరణల్లో ఎవరు ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో కంప్యూటరే లాటరీ పద్ధతిలో తేలుస్తోంది. నివేదిక 48 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. బీఓడీ పరీక్షకేమో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు పడుతుంది! అంటే అసలు అంకె రాకముందే నివేదిక వెళ్లిపోతుంది.

వేధింపులు, మామూళ్లు ఆపడానికే ఈ ఏర్పాటు. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. అయితే గుజరాత్‌లో ఆర్థికవేత్త ఎస్తర్ డుఫ్లో బృందం చేసిన అధ్యయనం (2018) ఆలోచింపజేస్తుంది. లాటరీ పద్ధతిలో ఎంచుకున్న ఫ్యాక్టరీలకు తనిఖీలు రెట్టింపుకు మించి పెంచినా సగటు కాలుష్యం పెద్దగా తగ్గలేదు. అధికారులు తమ అంచనాతో వెళ్లిన చోట్లే ఘోరమైన ఉల్లంఘనలు దొరికాయి.

వాన కురిసే రాత్రి నాలాల్లోకి రసాయనాలు వదులుతారన్నది హైదరాబాద్‌లోని జీడిమెట్ల పారిశ్రామికవాడ చుట్టుపక్కల కాలనీల పాత ఫిర్యాదు. ఆ ప్రాంతంలో తిరిగిన ఇంజినీరుకు ఏ గోడ వెనక చూడాలో తెలుస్తుంది. తనిఖీల్లో కొంత వాటా, కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలన్న షరతుతో, ఆ ఇంజినీర్లకే వదలాలి. రాత్రి వెళ్లడానికి బండి కూడా ఇవ్వాలి.