‘ముస్’లో దాక్కున్న మేము

పాతికేళ్లు కోర్టు వార్తలు రాశాను. అఫిడవిట్, కేవియట్, మాండమస్ లేని వారం ఉండేది కాదు. ఇవి లాటిన్ మాటలని తెలుసు. మూడూ క్రియలని మాత్రం, రిటైరయ్యాక ఓ పాత లాటిన్ వాచకం ముందేసుకుని కూర్చున్నాకే తెలిసింది.

మాండమస్ అంటే ‘ఆదేశిస్తున్నాము’. ఆదేశించేది ఎవరని వెతకక్కర్లేదు, లాటిన్‌లో అది ‘మందాముస్’, చివరి ‘ముస్’లోనే మేము ఉంది. వాచకాల్లో ఈ తోకల పాఠం ‘ప్రేమించు’ క్రియతో మొదలవుతుంది: అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్. నేను, నువ్వు, అతడు, మేము, మీరు, వాళ్లు. ఇంగ్లిష్ పిల్లలు దీన్ని తరతరాలుగా ఎక్కంలా వల్లించారు. వస్తాను, వస్తావు, వస్తాము అనే మనకు ఇందులో కొత్తేముంది? పైగా వస్తాడు, వస్తుంది అని మనం విడదీసి చెబుతాం. ‘అమత్’ అన్నప్పుడు ప్రేమించేది అతడో ఆమో లాటిన్ క్రియ చెప్పదు. అన్నట్టు, ఆ ‘ముస్’కీ మన ‘ము’కీ చుట్టరికం లేదు, ఊరికే కలిసింది.

కాబట్టి తెలుగువాడు తోకల మీద నెలలు ఖర్చు పెట్టక్కర్లేదు. చిక్కంతా తోకకు ముందున్న అచ్చులో ఉంది. లాటిన్ క్రియలు నాలుగు కుటుంబాలు: అమారె, మొనేరె, రెగెరె, ఔదీరె. ప్రేమించడం, హెచ్చరించడం, ఏలడం, వినడం. ‘రె’కు ముందు ఏ అచ్చుందో చూస్తే ఇంటిపేరు తెలిసిపోతుంది. రెండో ఇంట్లో దీర్ఘం, మూడో ఇంట్లో హ్రస్వం. దీన్ని చూపడానికి ఇంగ్లిష్ పుస్తకాలు అక్షరం నెత్తిన గీత గీస్తాయి. ఎ, ఏ వేరువేరుగా ఉన్న మన లిపికి ఆ శ్రమ లేదు.

ఇంటిపేరు తెలియకపోతే ఏమవుతుంది? నాకు అయింది చెబుతాను. మొనెత్ అంటే ‘హెచ్చరిస్తున్నాడు’. అదే ధీమాతో రెగెత్ అంటే ‘ఏలుతున్నాడు’ అని రాసుకున్నాను. తప్పు. అది ‘ఏలబోతాడు’. ఏలుతున్నాడు అనాలంటే రెగిత్. పోనీ అమెత్? అది వర్తమానమూ కాదు, భవిష్యత్తూ కాదు, ‘ప్రేమించుగాక’! ఒకే ‘ఎత్’, మూడిళ్లలో మూడు అర్థాలు. రెండు వారాలు అక్కడే తచ్చాడాను.

ఈ ‘గాక’ రూపం పట్టుబడ్డాక కోర్టు మాటలు విచ్చుకున్నాయి. కవెత్ అంటే జాగ్రత్తపడుతున్నాడు. మధ్యలో ఒక ‘అ’ దూరితే కవెఅత్, అంటే మన కేవియట్, ‘జాగ్రత్తపడుగాక’. నాకు చెప్పకుండా స్టే ఇవ్వొద్దని ముందే వేసే పిటిషన్‌కు ఇంతకన్నా సరైన పేరుంటుందా? హెబియస్ కార్పస్‌లోని హెబియస్ కూడా ఈ బాపతే. అఫిడవిట్ మధ్యయుగాల లాటిన్, భూతకాలం: ‘ప్రమాణం చేశాడు’. మనం మాత్రం ‘నేను అఫిడవిట్ వేశాను’ అంటాం.

నిఘంటువులో ఒక్కో క్రియకు నాలుగు రూపాలిస్తారు: అమో, అమారె, అమావి, అమాతుమ్. ఎందుకిన్ని అనుకున్నాను, ‘మోయు’ అనే క్రియ ఎదురయ్యేదాకా: ఫెరో, ఫెర్రె, తులి, లాతుమ్. మొదటి రెండింటికీ చివరి రెండింటికీ పోలికే లేదు. చిరాకు పడబోయి ఆగాను. వచ్చాను, రాలేదు, రా అని మనం అనడం లేదూ? తెలుగు నేర్చుకునే పరాయివాడు ‘రా’ను ఏ అక్షరం కింద వెతకాలి పాపం?

ఇంట్లో శాలువాల బీరువా మీద అరడజను మెమెంటోలున్నాయి. అదీ క్రియే, ‘గుర్తుంచుకో’ అని ఆజ్ఞ. దాని మూల క్రియ మెమిని చిత్రమైంది: రూపం భూతకాలం, అర్థం వర్తమానం, ‘నాకు గుర్తుంది’. ‘అర్థమైందా?’ అని మాస్టారు అడిగితే మనం ‘అర్థమైంది’ అంటామే, అలాగ.